బిచ్చగాడి నుదుటి బొట్టు

నాన్న ఫోన్ చేసేసరికి అదితి ఆ కాగితం బొమ్మను నీళ్లలోంచి బయటికి తీస్తోంది.

"పూజగదిలో బాబా లేడమ్మా! ఎవడో ఇంట్లో దూరాడు. పోలీసులకి కాల్ చేస్తున్నా."

"వద్దు నాన్నా! ఈవెనింగ్ నేను వస్తాను కదా. అప్పటిదాకా వెయిట్ చెయ్యి, ప్లీజ్."

అదితి ఒక మ్యూజియంలో పాత చిత్రాలు బాగుచేస్తుంది. నిన్న ఇర్వింగ్‌లోని నాన్న ఇంటికి వెళ్లినప్పుడు, ఆ బొమ్మను మొదటిసారి లైట్‌కి ఎదురుగా పట్టి చూసింది. ఎప్పుడో అమ్మ గరాజ్ సేల్‌లో కొన్నది. ఫ్రేమ్‌కి అద్దం లేదు. గడ్డం, చేతికర్ర, చిప్ప, చిరిగిన అంగీ. ఎవరో సాధువనుకుని అమ్మ దేవుళ్ల పక్కన పెట్టింది. రోజూ స్నానం చేసి, అతని నుదుట కుంకుమ అద్దేది. పోయినేడు చివరిసారి ఆసుపత్రికి వెళ్లిన పొద్దున కూడా.

వెలుగులో కాగితం లోపల నీటిముద్ర తేలింది. బొమ్మ చుట్టూ, అచ్చువేసిన రాగిరేకు నొక్కిన గుర్తు. పదిహేడో శతాబ్దపు అసలు ముద్రణ!

చెప్పకుండా తెచ్చేసింది. మ్యూజియం గోడకు తగిలించి, కింద అమ్మ పేరు వేయించి నాన్నను ఆశ్చర్యపరచాలని. కుంకుమ మరక ఒక్కటే అడ్డం.

సాయంత్రం పూజగదిలో బొమ్మ చూడగానే నాన్న కేశవరావు ఊపిరి పీల్చుకున్నాడు.

"దొంగవి నువ్వా! హడలగొట్టి చంపావు కదే."

కళ్లజోడు పెట్టుకున్నాడు. మొహంలో నవ్వు ఆగిపోయింది.

"బొట్టేదీ?"

"క్లీన్ చేశాను నాన్నా. స్టెయిన్ కదా. అసలు ఈయన బాబా కాదు, బెగ్గర్."

"ముష్టివాడని కొన్నరోజే తెలుసు నాకు. వెనక పెన్సిల్‌తో రాసుంది. అంత ఇష్టంగా బొట్టు పెడుతుంటే మీ అమ్మకి ఏమని చెప్పను? ఆ పొద్దున అంబులెన్స్‌ని ఆపించి మరీ పెట్టింది. అందులో దాని వేలిముద్ర ఉంది. నాకు దేవుడెవడే? ఆ ముద్ర చూడ్డానికే రోజూ ఈ గదిలోకి వచ్చేది."

అదితి కుంకుమభరిణ అందుకుంది.

"మళ్లీ పెడదాం నాన్నా. నువ్వే పెట్టు."

ఆయన వేలు ముంచాడు. కాగితం దాకా తెచ్చి ఆగాడు.

"నా వేలు లావు."

బొమ్మను ఆమె చేతిలో పెట్టేశాడు.

"తీసుకుపో. మ్యూజియంలోనే ఉంచు. ఇప్పుడు వీడు ఉత్తి ముష్టివాడే."

వేలికంటిన కుంకుమ చొక్కాకి తుడుచుకుని, పూజగది లైట్ తీసేశాడు.