దొంగతాళం మేస్త్రి

తాళాల మేస్త్రికి ఆ పేరు పెట్టినవాడెవడో గానీ, వాడి నోరు పడిపోను, పద్నాలుగేళ్ళయినా అది ఊడి రాలేదు. "దొంగతాళం కొట్టు ఎక్కడండీ?" అని కొత్తగా వచ్చినవాళ్ళు కూడా అడిగేవాళ్ళు, అదేదో ఆయన ఇంటిపేరైనట్టు.

జరిగింది ఇంతే. ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి ఒకడు వచ్చి, ఇంటి తాళంచెవి పోయిందన్నాడు. మేస్త్రి వెళ్ళాడు. పట్టపగలు, వీధి తలుపు ముందు కూర్చుని, పక్కింటావిడని పిలిచి "ఇది ఈయన ఇల్లేనామ్మా?" అని అడిగి మరీ తీశాడు. ఆవిడ తలూపింది. ఆ తర్వాత గంటసేపు ఎండలో కూర్చుని, ఆకురాయితో అరగదీసి కొత్త తాళంచెవి చేసిచ్చాడు. మర్నాడు అసలు ఇంటివాళ్ళు దిగేసరికి పెద్దమనిషీ లేడు, ఇంట్లో సామానూ లేదు. పక్కింటావిడని అడిగితే "నేనెక్కడ తలూపాను? మెడ పట్టేసి అటూ ఇటూ తిప్పాను" అంది. మేస్త్రిని రెండు రోజులు స్టేషన్లో కూర్చోబెట్టి, కేసేమీ లేదు పొమ్మన్నారు. కేసు పోయింది, పేరు మాత్రం ఉండిపోయింది.

అలాంటాయన కూతురు లా కాలేజీలో చేరి నేరాల చట్టం చదువుతోందంటే ఆయన ఆగుతాడా? ఆ పిల్ల పైకి చదువుకుంటుంటే పని ఆపి చెవులు రిక్కించి వినేవాడు. మర్నాడు కొట్టుకొచ్చినవాళ్ళకి అప్పజెప్పేవాడు. "దొంగతనం వేరు, దోపిడీ వేరు, తెలుసా? రెండోదాంట్లో బెదిరింపు ఉంటుంది." వాళ్ళు తాళం తీసుకుని బతుకు జీవుడా అని బయటపడేవాళ్ళు. కానీ కాలేజీ గేటు దాకా మాత్రం ఆయన ఏనాడూ వెళ్ళలేదు. అక్కడ ఎవడైనా ఆ పేరు పెట్టి పిలిస్తే పిల్లకి తల కొట్టేసినట్టవుతుందని ఆయన భయం.

ఒకరోజు ఆ పిల్ల చేతిలో కాగితంతో కొట్టుకొచ్చి స్టూలు మీద కూలబడింది.

"ఏంటి తల్లీ?"

"మా కాలేజీలో ఉత్తుత్తి కోర్టు పెడుతున్నారు నాన్నా. కేసు వాళ్ళే రాసిస్తారు. చీటీ తీస్తే నాకు ప్రాసిక్యూషన్ వచ్చింది. ముద్దాయి మీద నేరం నేను రుజువు చెయ్యాలి."

"చేసెయ్. ముద్దాయి ఎవరు?"

"తాళాల మేస్త్రి. దొంగకి తలుపు తీసిచ్చి, నాకేమీ తెలియదంటున్నాడు. నేను మానేస్తాను నాన్నా. సగం మార్కులు పోతే పోనీ."

తాళాల మేస్త్రి దొంగ అనే మాట నలుగురిలో, అదీ కన్నకూతురి నోటి నుంచి రాబోతోంది. అయినా మేస్త్రి చెయ్యి చాచి "కాగితం ఇలా ఇవ్వు" అన్నాడు. చదివాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాడు. ఉన్నట్టుండి పకపకా నవ్వాడు.

"వీడు దొంగే! ఏ అనుమానమూ లేదు."

"ఎలా చెప్తావు?"

"ఇదంతా ఈ కాగితంలోనే ఉంది, చూడు" అంటూ ఆయన మొదలుపెట్టాడు. పిల్ల పెన్ను తీసింది.

కోర్టు రోజున మేస్త్రి మొదటిసారి ఆ గేటు దాటి, చివరి బెంచీలో నక్కి కూర్చున్నాడు. పనిముట్ల సంచి ఒళ్ళోనే ఉంది. అది లేకుండా ఆయన బయటికి కాలు పెట్టడు. జడ్జి కుర్చీలో లెక్చరర్ గారు కూర్చున్నారు. ముద్దాయి తరఫు కుర్రాడు గొంతు సవరించుకుని దంచేశాడు. "పని చేసినంత మాత్రాన నేరం కాదు, దురుద్దేశం ఉండాలి. మేస్త్రి మనసులో ఏముందో ఎవరు చూశారు?"

మేస్త్రి కూతురు లేచింది.

"మనసు కనబడదు, పని కనబడుతుంది. వీధి తలుపు ఉండగా ముద్దాయి పెరటి తలుపు తీశాడు. చుట్టుపక్కల ఎవరినీ అడగలేదు. అన్నిటికన్నా పెద్ద సంగతి, తలుపు తీసి వెళ్ళిపోయాడు. తాళంచెవి పోయినవాడికి కావలసింది తాళంచెవి. ఈ మేస్త్రి అది చెయ్యలేదు. ఆ తలుపు మళ్ళీ వెయ్యక్కర్లేదని అతనికి ముందే తెలుసు."

ముద్దాయి తరఫు కుర్రాడు గబగబా తన కాగితాలు తిరగేశాడు.

"ఈ పని గురించి నీకింత ఎలా తెలుసమ్మా?" అన్నారు జడ్జి గారు.

"మా నాన్న తాళాల మేస్త్రి అండీ. పద్నాలుగేళ్ళ కిందట ఆయన్నీ ఇలాగే అనుమానించారు. ఆయన వీధి తలుపు ముందు కూర్చున్నారు, పక్కింటావిడని అడిగారు, గంటసేపు కూర్చుని తాళంచెవి చేసిచ్చారు. అందుకే దొంగ మేస్త్రి ఎలా ఉంటాడో నాకు తెలిసింది. అదిగో, చివరి బెంచీలో ఉన్నది మా నాన్నే."

తలలన్నీ గిర్రున తిరిగాయి. మేస్త్రి సంచిని గట్టిగా పట్టుకున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. రెండు రోజులు స్టేషన్లో కూర్చున్నప్పుడు ఒక్కడంటే ఒక్కడు ఈ మాట అనలేదు.

గెలిచింది ఆ పిల్లే. తీరా కప్పు ఇద్దామంటే అది బీరువాలో ఉంది. బీరువా తాళంచెవి కనబడలేదు. అటెండరు జేబులన్నీ తిరగేసుకుని బిక్కమొహం వేశాడు. పిల్ల వెనక్కి తిరిగి తండ్రి వైపు చూసింది. మేస్త్రి లేచి, నడుం నిటారుగా పెట్టుకుని ముందుకొచ్చాడు.

"ఈ బీరువా ఎవరిదండీ?"

"కాలేజీదే" అన్నాడు అటెండరు.

"సాక్షి ఎవరు?"

హాలంతా ఘొల్లున నవ్వింది. జడ్జి గారు కుర్చీలోంచి లేచి వచ్చి పక్కన నిలబడ్డారు. "నేను సాక్షిని మేస్త్రి గారూ, తియ్యండి."

రెండు నిమిషాల్లో బీరువా తెరుచుకుంది. కప్పు పిల్ల చేతికొచ్చింది, చప్పట్లు మోగాయి, ఫోటో తీస్తాం రమ్మని మేస్త్రిని పిలిచారు. ఆయన కదల్లేదు. నేల మీద చతికిలబడి, సంచిలోంచి ఆకురాయి తీశాడు.

"ఒక్క గంట ఆగండి. తాళంచెవి చెయ్యాలి కదా!"