పద్నాలుగు ముళ్ల దారం

రామన్న పటేలు జీపు వేగం నలభై దాటిందంటే చాలు, ముందు చక్రాలు పూనకం వచ్చినట్టు ఊగేవి. నాగర్‌కర్నూల్‌లో ఇద్దరు మెకానిక్‌లు చూసి, తుక్కుకు అమ్ముకొమ్మని చేతులు దులుపుకున్నారు. అప్పుడు గానీ ఆయనకు లింగాలలో కొత్తగా రేకుల షెడ్డు వేసిన ఆశీర్వాదం గుర్తుకు రాలేదు.

ఆశీర్వాదం పన్నెండేళ్లు డ్యాముల కట్టల మీద మట్టి మోసి, తీరిక దొరికినప్పుడల్లా అక్కడి బండ్ల కింద దూరి పని నేర్చుకున్నాడు. ఊరికి మాత్రం ఇంకా లేబర్ ఆశీర్వాదమే. ఆ మాట వింటే అతని భార్య మణెమ్మకు ఒళ్లు మండేది. ఈ ఒక్క జీపు బాగైతే చుట్టుపక్కల జీపులన్నీ షెడ్డుకే వస్తాయి. కాకపోతే సోమవారం కూలీల మేస్త్రీ పంపే లారీ ఎక్కి ఇద్దరూ మళ్లీ మట్టి పనికి పోవాల్సిందే.

"స్టీరింగ్ అటు ఇటు తిప్పు," అని ఆశీర్వాదం బండి కింద దూరాడు. మణెమ్మ తిప్పుతుంటే ఒక్కో కీలు మీదా చెయ్యి ఆనించి చూశాడు. ముందు చక్రాలు రెండింటినీ కలిపే రాడ్డు కొసలకున్న జాయింట్లు అరిగిపోయి లొడలొడమంటున్నాయి.

"దొంగ దొరికిండు పటేలా. ఈ రెండు మారిస్తె సాలు," అన్నాడు.

రామన్న కొడుకు మహేందర్ అచ్చంపేట పోయి కొత్తవి తెచ్చాడు. ఆశీర్వాదం వాటిని పాతవాటి పక్కన పెట్టి పొడవు సరిచూసుకున్నాడు. ఇక మిగిలింది లెక్క. పాతది ఎన్ని చుట్లు తిప్పితే ఊడివచ్చిందో, కొత్తది అన్ని చుట్లే తిప్పి బిగించాలి. లేకుంటే రాడ్డు పొడవు మారి చక్రాలు వంకర చూస్తాయి. ఆ లెక్క మణెమ్మది. మట్టి పనిలో ట్రిప్పుకొక ముడి వేసినట్టే, పాతవి ఊడదీసేటప్పుడే ఆమె ఒక్కో వైపుకు ఒక్కో దారం తీసుకొని చుట్టుకొక ముడి వేసి పెట్టుకుంది. ఎడమ దారానికి పదిహేడు, కుడి దారానికి పద్నాలుగు.

మహేందర్ ఫోన్లో నాలుగు వీడియోలు చూసి సగం ఇంజనీరైపోయిన మనిషి. "గాడ పదిహేడుంటే గీడ పద్నాలుగెట్లుంటది? మూడు ముళ్లు మర్చిపోయినట్టున్నది," అన్నాడు.

మణెమ్మ గుండె భగ్గుమంది. పన్నెండేళ్లూ ఇదే మాట. సాయంత్రం దారం చూపిస్తే, డ్యాం సైట్ గుమాస్తా నవ్వుతూ లెక్కలోంచి రెండు ముళ్లు కొట్టేసేవాడు. ఆమె నోరు మూసుకొని గుడిసెకు పోయేది.

ఆశీర్వాదం బిగించే పాన పట్టుకొని ఆమె మొహంలోకి చూశాడు. "ఎన్ని?"

"పద్నాలుగు. ఒక్కటి ఎక్కువ లేదు, తక్కువ లేదు."

అతను ఎడమ వైపు పదిహేడు, కుడి వైపు పద్నాలుగు చుట్లే తిప్పి బిగించాడు.

సైట్‌లో ఒక కట్టుబాటు ఉండేది. స్టీరింగ్ విప్పినవాడు మొదట తన ఇంటి మనిషిని పక్కన కూర్చోబెట్టుకొని నడపాలి. మణెమ్మ ఎవరూ చెప్పకముందే ఎక్కి కూర్చుంది. వెనక సీట్లో రామన్న, ఆయన పక్కన ముడుచుకొని మహేందర్. అచ్చంపేట రోడ్డెక్కాక స్పీడు ముల్లు నలభై దాటింది, యాభై దాటింది. బండి వణకలేదు. దారి ఖాళీగా ఉన్నచోట ఆశీర్వాదం స్టీరింగ్ మీద నుంచి రెండు చేతులూ తీశాడు. జీపు గీత గీసినట్టు తిన్నగా పోయింది.

తిరిగి వచ్చాక రామన్న ఆ దారాలు అడిగి తీసుకొని కొడుకు చేతిలో పెట్టాడు. "ఇంట్ల జాగ్రత్తగ దాచిపెట్టు. మళ్ల ఎప్పుడు ఇప్పినా గీ లెక్కే."

మణెమ్మకు కళ్లు చెమర్చాయి. ఆమె ముళ్లను ఎవరూ కొట్టేయకపోవడం ఇదే మొదటిసారి.

సాయంత్రం మేస్త్రీ ఫోన్ చేశాడు. "సోమవారం లారీ వస్తది. తయారుగుండుండ్రి."

"మేం వస్తలేం మేస్త్రీ," అంది మణెమ్మ.

"ఎందుకు? ఏం పని దొరికింది?"

"జీపులు బాగు చేస్తున్నం. ఆయనది పాన, నాది లెక్క," అని చెప్పి ఫోన్ పెట్టేసింది.