కోసిన ఎర్తు పిన్ను

దశరథా, ఆ ఎర్తు పిన్ను కోసింది నువ్వు. నువ్వు కోస్తుంటే పక్కన నిలబడి చాయ్ తాగింది నేను. సౌజన్య స్టేజీ మీద పడిపోయాక అరగంట కూడా ఆగకుండా "ఆంధ్రోడు కావాల్నని చేసిండు" అని నలుగురి చెవుల్లో వేసింది మళ్లీ నువ్వే. నువ్వెవరో తెలియనివాళ్లు కూడా ఈ కాగితం చదువుతారు కాబట్టి చెప్తున్నాను: ఎల్బీనగర్ తెలంగాణ దీక్షా శిబిరానికి మైక్‌సెట్ పెట్టేవాడివి, ఏళ్ల కింద నల్లగొండ నుంచి నాతో ఒకే బస్సులో ఈ ఊళ్లో దిగినవాడివి. నేను అంతయ్యను, ఆ శిబిరం కమిటీలో ఒకణ్ణి.

సకల జనుల సమ్మె మొదలై ఇవాళ పన్నెండో రోజు. బస్సులు లేవు. అయినా సౌజన్య గిటారు వాయించి పాడుతుందంటే జనం బడంగ్‌పేట్ నుంచి నడిచొచ్చేవాళ్లు. ఆమె గిటారు ఆంప్లిఫయర్ ఆమెకంటే వయసులో పెద్దది. మనం దాన్ని పెట్టె అనేవాళ్లం. లోపల సగం వాల్వులు, సగం ట్రాన్సిస్టర్లు. ఆ రకం బాగుచేసేవాడు ఈ పక్క ఒక్కడే ఉన్నాడు, దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక సందులో విశ్వేశ్వరరావు. గుడివాడ మనిషి, ఇరవై ఏళ్లుగా ఇక్కడే. సమ్మెకు ముందు పెట్టెను నేనే మోసుకుపోయాను. ఎండిపోయిన కండెన్సర్లు తీసేసి కొత్తవి వేశాడు, మాడిన ట్రాన్సిస్టర్ మార్చాడు, మూడు పిన్నుల ప్లగ్గు బిగించాడు.

"అంతయ్య గారూ, దీని ట్రాన్స్‌ఫార్మర్ ముసలిదండీ. ఇలాంటిది ఇప్పుడు దొరకదు. ఎప్పుడైనా బాడీకి, అక్కణ్ణుంచి గిటారు తీగలకూ కరెంటు రావచ్చు. ఎర్తు ఉంటే ఫ్యూజు పోతుంది, లేకపోతే మనిషి పోతాడు. ఎర్తు మాత్రం తీయకండి."

నేను తల ఊపాను. నీకూ చెప్పాను.

సమ్మె మొదటి రోజు శిబిరంలో పెట్టగానే గుయ్యిమని మోత. మైక్‌సెట్‌తో కలిస్తే ఆ మోత వస్తుందని నీకు తెలుసు. నీ మందూ నీకు తెలుసు, పదేళ్లుగా పెళ్లిళ్లలో, బోనాల్లో చేస్తున్నదే. కటింగ్ ప్లేయర్ తీసి లావుగా ఉండే ఎర్తు పిన్ను పుటుక్కున కోశావు. మోత ఆగింది.

"సూసినవా అన్నా? నీ రావుసాబ్ మూడొద్దులు పెట్టుకున్నడు. నాది మూడు సెకండ్ల పని."

"ఎర్తు తియ్యొద్దన్నడు కదరా."

"పదేండ్ల సంది కోస్తున్న. ఒక్కడన్న సచ్చిండా?"

నేను నవ్వాను.

ఇవాళ పదకొండు గంటలకు సౌజన్య గిటారు తీగల మీద చెయ్యి వేసి, మైకుకు పెదవి ఆనించింది. పాట రాలేదు. చెయ్యి తీగలకు అతుక్కుపోయింది, మెడ వెనక్కి వాలింది. ఎవరో బోర్డు మీద స్విచ్చు కొట్టేదాకా ఆమె అట్లాగే నిలబడి వణికింది. తర్వాత పడిపోయింది. కొత్తపేటలో దవాఖానలో చేర్చాం. ఊపిరి ఉంది, కళ్లు తెరవలేదు.

నేను పెట్టెను ఆటోలో వేసుకుని దిల్‌సుఖ్‌నగర్ పోయాను. విశ్వేశ్వరరావును కాపాడటానికి పోలేదు. కోసిన పిన్ను ఎవరి కంటా పడకముందే ప్లగ్గు మార్పిద్దామని పోయాను.

ఆయన ప్లగ్గు చూశాడు. కోసిన చోట వేలు పెట్టాడు.

"ఎవరు కోశారండీ?"

నేను కొత్త ప్లగ్గు అడిగాను. అప్పుడే ఆయన భార్య నాగేశ్వరి ఫోను పట్టుకుని పైనుంచి దిగింది. "ఏవండీ, జనం చైతన్యపురి దాటారంట. మన కొట్టు పేరు చెప్పుకుంటూ వస్తున్నారంట."

షట్టర్ లోపలి నుంచి దించాం. వెనక తలుపు లేని కొట్టు. పట్టపగలే చీకటి. ఎవరూ ఆపని సోల్డరింగ్ ఐరన్ ఒక్కటే పొగ కక్కుతోంది. ముందు నినాదం వినిపించింది. అది నేను నేర్పిన నినాదమే. ఆ తర్వాత షట్టర్ మీద మొదటి దెబ్బ పడింది.

"బయటికి రా బే! పెట్టెల కరెంట్ పెట్టి మా పిల్లను సంపుతవా?"

ఆ గొంతు మట్టయ్యది. శిబిరంలో నా పక్కనే కూర్చునేవాడు. నా వాళ్లకు నేను భయపడటం అదే మొదటిసారి. నాగేశ్వరి చీర కొంగు నోట్లో కుక్కుకుంది. విశ్వేశ్వరరావు పెట్టె వెనక స్క్రూలు విప్పుతున్నాడు. స్క్రూడ్రైవర్ గాడిలో నిలవడం లేదు.

"ఏం చేస్తున్నరు మీరు?"

"ఎక్కడ లీకయిందో చూపించాలి కదండీ. నేను చెబితే వినరు. మీరు చెబితే వింటారు."

వినరు. చెబితే నేను ద్రోహినవుతాను. షట్టర్ రేకు లోపలికి వంగి, సందులోంచి ఇనుప రాడ్డు మొన వచ్చింది. అది నాగేశ్వరి భుజానికి జానెడు దూరంలో ఆగింది.

"మట్టయ్యా! నేను అంతయ్యను!"

దెబ్బలు ఆగాయి.

"అన్నా? నువ్వు లోపటేం జేస్తున్నవే?"

"షట్టర్ లేపుతున్న. ముగ్గురే రాండ్రి. రాడ్లు బయట పెట్టుండ్రి."

వచ్చారు. విశ్వేశ్వరరావు పెట్టెను సీరీస్ బల్బు మీద పెట్టాడు. రిపేరుకొచ్చిన ఏ పెట్టెనైనా ముందు బల్బు గుండానే కరెంటిచ్చి చూస్తాడు. కోసిన ప్లగ్గు పెట్టి, టెస్టర్ మట్టయ్య చేతికిచ్చి, పెట్టె బాడీకి ఆనించమన్నాడు.

"నేను ముట్ట. అన్నా, ముందు నువ్వు ముట్టు."

నేను ఆనించాను. టెస్టర్‌లో ఎర్ర దీపం వెలిగింది. కొత్త మూడు పిన్నుల ప్లగ్గు వేశాక టెస్టర్ ఆరిపోయింది, పైన బల్బు భగ్గుమంది.

"అది చూడండి బాబూ. కరెంటు ఎర్తులోకి పోతోంది. ఇదే స్టేజీ మీదయితే ఫ్యూజు పోయేది. అమ్మాయికి ఏమీ అయ్యేది కాదు."

మట్టయ్య కోసిన ప్లగ్గు చేతిలోకి తీసుకున్నాడు. "పిన్ను ఎవడు కోసిండన్నా?"

వాళ్ల భుజాల మీదుగా నువ్వు కనిపించావు దశరథా, ఎదుటి జిరాక్స్ షాపు మెట్టు మీద. నా కళ్లలోకి చూశావు.

"మనోడే," అన్నాను.

"మనోడంటే?"

"మనోడే అంటున్న కదరా!"

నీ పేరు నా నోట్లోంచి రాలేదు. భయం. వెనకనుంచి ఒకడు "అన్న రావుసాబ్ దిక్కు మర్లిండు" అన్నాడు. మట్టయ్య చెప్పాడు: "ఆరు గంటలకు కమిటీల తేల్చుకుంటం. పేరు తేలకుంటే మల్ల ఒస్తం."

ఇప్పుడు నాలుగున్నర. నాగేశ్వరి మెట్ల మీద సంచి సర్దుతోంది. విశ్వేశ్వరరావు ఆ పెట్టె ముందే కూర్చుని ఉన్నాడు, లేవమంటే లేవడం లేదు. వంగిన షట్టర్ పూర్తిగా దిగడం లేదు.

కమిటీలో నీ పేరు చెప్తాను. నవ్వింది నేనని కూడా చెప్తాను. కానీ నేనొక్కణ్ణే చెబితే నమ్మరు, అమ్ముడుపోయాననే అంటారు. నువ్వు ఫోను ఎత్తడం లేదు, అందుకే ఈ కాగితం శిబిరానికి పంపుతున్నాను. చదివి దాచుకోకు. ఇప్పుడే బయల్దేరు. ఆటో లేకపోతే నడువు. వచ్చి ఈ వంగిన షట్టర్ ముందు నిలబడు. సందు సందంతా వినేట్టు చెప్పు, కోసింది నువ్వేనని. ఆరు కొట్టకముందే చెప్పు.