మూత తీయని కారం డబ్బా

పర్చూరు నుంచి చీరాల చేరేదాకా మా ఆయన కారులో కిటికీ వైపే తిరిగి కూర్చున్నాడు. ఇటలీ పద్ధతి చేపల హోటల్‌కి వెళ్దామనగానే, "జబ్బు మనిషిని ఊరేగిస్తారా?" అని పొద్దున ఒకసారి కసిరి ఊరుకున్నాడు.

మా ఆయన బాపయ్య గారు బుద్ధెరిగినప్పటి నుంచి మిరప పండించిన మనిషి. కడుపులో పుండు పడింది, ఇక కారం ముట్టొద్దని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచి పెరుగన్నం కంచం పట్టుకుని వసారాలోకి పోతాడు. మేము లోపల ఎర్రగా కలుపుకుని తింటుంటే చూడలేడు. కారం లేకుండా చేపల కూర చేసిపెడితే పథ్యం కూరంటూ తోసేశాడు. నా చేతి పులుసుకి ఊరంతా లొట్టలేస్తుంది, ఈయన తోసెయ్యడమా! ఒళ్ళు మండింది. కోపం ఆయన మీదో జబ్బు మీదో నాకే తెలియలేదు. నాకు కావలసిందల్లా ఒక్కటే. ఆయన మళ్ళీ నా పక్కన కూర్చుని నాలుగు ముద్దలు తినాలి.

ఈ హోటల్ సంగతి మా కోడలు హారిక పట్టుకొచ్చింది. "చేపలో కారమే వెయ్యరంట అత్తయ్యా! ఉప్పు, నిమ్మకాయ, వెల్లుల్లి, అంతే."

అలాంటి చేపను కోరి తినేవాళ్ళు కూడా ఉంటారా? చూసి తీరాలనిపించింది. అయినా మన జాగ్రత్తలో మనం ఉండాలి కదా, చేతిసంచిలో చిన్న కారం డబ్బా వేసుకున్నాను.

సందులో పాత పెంకుటిల్లు, నాలుగైదు బల్లలు. హారికతో కలిసి ముగ్గురం ఒక బల్ల దగ్గర కూర్చున్నాం. యజమాని ఆదాంది పక్కనున్న వాడరేవే. ఇటలీలో ఒక రేవు ఊళ్ళో, వీధి చివర చేపల హోటల్లో ఏళ్ళ తరబడి వంట చేసి వచ్చాడట. మెనూ అడిగితే నవ్వి, పళ్ళెం నిండా పచ్చి చేపలు తెచ్చి మా ముందు పెట్టాడు.

"ముందు చేపని చూపించాలండి. తినేవాళ్ళు ఒప్పుకుంటేనే పొయ్యెక్కేది. అక్కడ అదే పద్ధతి."

గోడకేసి చూస్తున్న మా ఆయన ఇటు తిరిగాడు. మిరప యార్డులో టిక్కీ బస్తా విప్పి కాయ రంగు చూసే మనిషి ముందు సరుకు పెడితే చేతులు ఊరుకుంటాయా? ఒక పండుగప్ప మొప్ప ఎత్తి చూశాడు, పొట్ట నొక్కాడు, వాసన చూశాడు.

"ఎప్పుడు పట్టింది?"

"తెల్లారుజామునండి. మా అన్న పడవే."

"ఇది చెయ్యి."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఫలానాది కావాలని ఆయన నోరు తెరిచి అడిగి ఎన్నాళ్ళయిందో.

ముందు ఆలిచిప్పలు వేసిన పొడుగాటి సేమ్యా లాంటిది వచ్చింది. హారిక ఫోర్కుకి చుట్టుకుని తింది, నేను చేత్తో కలుపుకున్నాను. పైన చీజు తురుము వెయ్యమని హారిక అడిగితే ఆదాం చెంపలేసుకున్నాడు. "ఆలిచిప్పల మీద అది వేస్తే మా పాత యజమాని కొట్టడానికి గరిటె ఎత్తేవాడమ్మా! సముద్రం రుచి కప్పేస్తావా అనేవాడు." మా ఆయన మాత్రం ముట్టలేదు. ఇక ఇంతేలే అనుకున్నాను.

తర్వాత చేప వచ్చింది. ముక్కలు కోయకుండా కాల్చి, పైన ఆలివ్ నూనె, నిమ్మరసం చల్లి తెచ్చారు. ఆదాం కత్తి పట్టుకోగానే, "ఉండవయ్యా" అని మా ఆయనే వేళ్ళతో విప్పాడు. వెన్నుముల్లు చెక్కుచెదరకుండా తీసి పక్కన పెట్టాడు. ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. అందరం ఆయన దవడల వంకే చూస్తున్నాం. ఇంకో ముక్క తీసుకున్నాడు.

"ఏమే, చేప ఇట్టా ఉంటదా?"

"నాకేం తెలుసు? ఇన్నేళ్ళూ నేనూ మీతోపాటే తింటిని గదా!"

అంటూనే చెయ్యి సంచిలోకి పోయింది, అలవాటు ఎక్కడికి పోతుంది? ఆయన చూశాడు.

"వేసుకో. నీకేం రోగం? నా కోసం చప్పిడి తినబాకు."

మాటలో కోపం లేదు. ఖాళీ చెయ్యి బయటికి తీశాను.

ఆయన చేప బుగ్గ దగ్గర వెతికి, ముక్క తీసి, ముల్లు లేదని బొటనవేలితో తడిమి నా పళ్ళెంలో పెట్టాడు. పిల్లలు చిన్నవాళ్ళుగా ఉన్నప్పుడు ఇలాగే ఏరి పెట్టేవాడు. నోట్లో పెట్టుకుంటే మొదట ఏమీ తెలియలేదు. నమిలాక ఉప్పు తగిలింది, నిమ్మ తగిలింది, చివర్లో కొంచెం తీపి. అది చేపదే.

"రేపు ఇట్టాగే చెయ్యి" అన్నాడు మా ఆయన, రెండో వైపు విప్పుతూ. "లోపలే తింటాలే, మీతో."

నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఘాటు తగిలిందని బుకాయిద్దామన్నా వీల్లేదు. డబ్బా మూత తీయనేలేదు.