గోడ నీడన చలివేంద్రం

ఛీ ఛీ, తాగే నీళ్ళు ఎవరైనా అక్కడ పెడతారా! జానకమ్మకీ అదే అనిపించింది. అయినా కుండలు అక్కడికే మోయించింది. ఏం చేస్తుంది మరి? మనుషులున్నది అక్కడే.

రాష్ట్రం ఏర్పడ్డాక తెనాలి నుంచి వచ్చి ఆబిడ్స్‌లో కాపురం పెట్టినావిడ. నాంపల్లి స్టేషను ఎదుటి ఖాళీ జాగాలోనే ఆవిడ భర్త వడదెబ్బకి కుప్పకూలి చనిపోయాడు. గుక్కెడు నీళ్ళిచ్చే దిక్కు లేకపోయింది. మరుసటి ఎండాకాలం నుంచి అక్కడి కానుగచెట్ల కింద చలివేంద్రం పెడుతోంది. పనిమనిషి వీరమ్మ కుండలు నింపుతుంది, ఈవిడ దోసిళ్ళలో పోస్తుంది. ఇంకెవరూ అలా పడిపోకూడదు, ఆవిడకి కావలసింది అంతే.

ఈ ఏడు ఆ జాగాని పార్కు చేసే పని ఆవిడ తమ్ముడు అమరేశ్వరరావు చేతిలో పడింది. ఇంజనీరుగారాయె! ఆకులు రాలి చెత్తవుతోందని చెట్లన్నీ కొట్టించాడు. నేలంతా సిమెంటు పోయించాడు. నడుమ ఓ ఫౌంటెను. "నీకూ మొజాయిక్ అరుగు కట్టించానక్కా, ఇంక ఏ చింతా లేదు" అన్నాడు. పిచ్చిది, నమ్మింది.

మొదటి రోజే మధ్యాహ్నానికి ఆ అరుగు మీది కుండలు వేణ్ణీళ్ళ కాగులయ్యాయి. ఓ రిక్షా అతను దోసిలి పట్టి, నోట్లో పోసుకుని, తుపుక్కున ఉమ్మేశాడు.

"ఏందమ్మా గిది? తాగనీకా, తానం చేయనీకా?"

జానకమ్మకి తల కొట్టేసినట్టయింది. జనమంతా ఏరీ అని చూసింది. అంత మైదానంలోనూ నీడంటూ ఉన్నది ఒక్కచోటే, పాయిఖానా గోడ పక్కన. ఫౌంటెను చూసే పెద్దమనుషుల కంట పడకూడదని తమ్ముడుగారు ఆ ఒక్క గోడనీ ఎత్తుగా లేపించాడు. ముసలీ ముతకా, పిల్లల తల్లులూ ముక్కులు మూసుకుని దానికే ఆనుకుని కూర్చున్నారు. కాళ్ళ దగ్గర తడి. ఈగలు. థూ! కుండలూ అక్కడికే చేరాయి.

కబురు అంది అమరేశ్వరరావు ఆ సిమెంటు మీద ఎండలో పడి వచ్చాడు. మొహం కందిపోయింది, పెదాలు ఎండిపోయాయి. ముక్కుకి రుమాలు అడ్డం.

"ఛీ! ఇక్కడేంటక్కా? రేపు పెద్దలొస్తున్నారు. నా పరువేం కాను? తీయించెయ్."

"ఎక్కడ పెట్టమంటావురా? నీడ చూపించు, పెడతాను."

వాడు చుట్టూ చూశాడు. ఎటు చూసినా సిమెంటే. పెదాలు తడుపుకుని, "ముందు కాసిని మంచినీళ్ళియ్యి, గ్లాసులో" అన్నాడు.

"గ్లాసు లేదు. దోసిలి పట్టు."

రుమాలు తీస్తేగాని దోసిలి కుదరదు. అటూ ఇటూ చూసి, దాన్ని జేబులో కుక్కి, రెండు చేతులూ చాపాడు. ఆ కంపులోనే గటగటా తాగేశాడు. "ఇంకాస్త పొయ్యక్కా!" అన్నాడేగాని, కొట్టించిన చెట్ల గురించి ఒక్క మాట లేదు. జానకమ్మకి ఆ గోడ కంపు కన్నా వాడే ఎక్కువ రోతనిపించాడు.

"గీ సారు మీ తమ్ముడా అమ్మా?" వెనకాల నిలబడ్డ రిక్షా అతను అడిగాడు.

"కాదు నాయనా. ఎవరో, దాహమేసి వచ్చాడు" అని, అమరేశ్వరరావు దోసిలి మళ్ళీ నింపింది.