గురుడి చందమామ మీద వ్యాసం

1979 వేసవి ముందు పేపర్లో ఓ మూలన పడ్డ వార్త జ్ఞానమ్మ టీచర్ని కుదురుగా ఉండనివ్వలేదు. గురుగ్రహం చుట్టూ తిరిగే ఐయో అనే చందమామ మీద అగ్నిపర్వతాలు మండుతున్నాయట.

రాజోలు దగ్గర హైస్కూల్లో ఆవిడ సైన్సు చెప్పేది. భూమి లోపలి వేడిలో కొంత పుట్టినప్పటిదనీ, కొంత రాళ్ళలోని యురేనియం లాంటివి పుట్టించేదనీ, చిన్న గోళాలు తొందరగా చల్లారిపోతాయనీ ఏటా చెప్పే పాఠమే. మరి మన చంద్రుడంత ఉన్న ఐయో ఎందుకు చల్లారలేదు? సెలవులన్నీ అమలాపురం కాలేజీ లైబ్రరీకి తిరిగి, చివరికో పత్రికలో జవాబు పట్టుకుంది.

బడి తెరవగానే పిల్లలకి తలో ఇనపతీగ ముక్కా ఇచ్చి, ఒకేచోట అటూ ఇటూ వంచమంది. వంగినచోట చుర్రుమంది.

"గురుడు ఐయోని అలా నలుపుతున్నాడర్రా. లోపలి రాయి రాపిడికి కరిగిపోతోంది."

ఆ సంగతి విని హెడ్మాస్టరు ప్రభాకరరావుగారు పిలిపించేరు. "కాకినాడ సైన్సు సదస్సుకి దీనిమీద వ్యాసం రాయండమ్మా. మన స్కూలుకి పేరొస్తుంది."

నెలరోజులు కూర్చుని రాసింది. సదస్సు ఇంకా వారముందనగా ఆయన మళ్ళీ పిలిచేరు.

"వ్యాసం మన పాపారావు మేష్టారు చదువుతారమ్మా. ఆయనది మంచి గొంతు. పేరు కూడా ఆయనదే పంపించేను. మీవాళ్ళు ఇప్పుడిప్పుడే పైకొస్తున్నారు, తొందరేముంది?"

"రాసింది నేనండీ."

"కాదన్నానా?"

సదస్సు రోజున ఆవిడ సెలవు చీటీ ఆయన బల్లమీద పెట్టి, రావులపాలెంలో బస్సు మారి కాకినాడ వెళ్ళింది. హాల్లో చివరి వరసలో కూర్చుంది. పాపారావు బాగానే చదివేడు. చదవడం అయ్యేక ఎవరో లేచి, "మన చంద్రుణ్ణీ భూమి లాగుతోంది కదండీ, అక్కడెందుకు మండటం లేదు?" అనడిగేరు.

పాపారావు కాగితాలు తిరగేసేడు. జ్ఞానమ్మ లేచింది.

"భూమికి గురుడంత బలం లేదండీ. పైగా మన చంద్రుడు ఒక్కడే. ఐయోని పక్కనున్న మరో రెండు ఉపగ్రహాలు లాగుతుంటాయి. అందుకే దాని దారి పూర్తిగా గుండ్రంగా సర్దుకోదు. తిరిగిన ప్రతిసారీ గురుడికి కాస్త దగ్గరౌతుంది, కాస్త దూరమౌతుంది. ఆ తేడాకే అది నలుగుతోంది."

హాలంతా చప్పట్లు కొట్టింది. అధ్యక్షుడు నవ్వుతూ పాపారావుతో, "మీ శిష్యురాలాండీ? బాగా తయారుచేసేరు" అన్నాడు.

"ఆయ్, మా స్కూలేనండీ" అన్నాడు పాపారావు. కాగితాలు మడిచి కూర్చున్నాడు. జ్ఞానమ్మ నిలబడే ఉంది, ఇంకేమైనా అంటాడేమోనని.

మర్నాడు బడికి వెళ్ళేసరికి మెమో. మంజూరు కాకుండానే సెలవు తీసుకున్నందుకు సంజాయిషీ ఇవ్వాలట. "వ్యాసం నాది కనుక వెళ్ళాను" అని రాసిచ్చింది. ప్రభాకరరావుగారు దాన్ని నాలుగు ముక్కలు చేసి తెల్లకాగితం ముందుకి తోసేరు.

"ఒంట్లో బాగోలేదని రాయండమ్మా. ఇక్కడితో పోతుంది. లేకపోతే పైకి పంపాలి."

జ్ఞానమ్మ కలం తీసింది. చెవులు వేడెక్కిపోయేయి. తన జీతం మీదే ఇల్లు నడుస్తోంది. ఒంట్లో బాగోలేదని రాసి సంతకం పెట్టింది.

ఆ సాయంత్రం చుట్టాల ఊరినుంచి వచ్చిన తల్లి మార్తమ్మ, చెప్పులైనా విడవకుండానే, "కాకినాడలో ఎలా చదివేవే?" అంది.

"బాగా చదివేరమ్మా" అంది జ్ఞానమ్మ.