మైకు ముందు మా మరదలు

డబ్బింగ్ స్టూడియోలో దర్శకుణ్ణి ఎదిరించే దమ్ము, మాటలు రాసే నాకొక్కడికే ఉండేది. ఆ రోజు తెర మీద ఇంగ్లీషు సినిమా కథానాయిక మెట్ల మీద జారి, యేసు పేరును తిట్టుగా వాడింది. ఆమెకు గొంతు ఇవ్వాల్సిన మా మరదలు మైకు నుంచి వెనక్కి జరిగింది.

"ఇదేమన్నా ప్రార్థన కూటమా? అనమ్మా!" అన్నాడు దర్శకుడు.

"నేను మోకరించి పిలిచే పేరండీ అది. తిట్టుగా నా నోట రాదు. 'అబ్బా, చచ్చాను' అంటాను, ఆమె పెదవుల కదలికకీ సరిపోతుంది."

"రాసిందే అనాలి. లేకపోతే రేపట్నుంచి రావద్దు."

"రేపటిదాకా ఎందుకు, ఇప్పుడే పోతా. బావా, నువ్వైనా చెప్పు!"

నేను కాగితాల్లో తల దూర్చాను. నా దమ్ము అంతే మరి. ఆమె హెడ్‌ఫోన్లు తీసి, తలెత్తుకుని వెళ్లిపోయింది. ఏ స్టూడియో మళ్లీ పిలవలేదు, ఆమె కూడా అడగలేదు.

ఆమె తలుపు వేసిన ఊపుకి గది అద్దం పగిలిందని అందరికీ చెబుతుంటాను. అది మాత్రం నా కల్పన. తలుపు మెల్లగానే వేసింది.